కాల్ కట్ అయితే ట్రాయ్ ఏం చేయగలదు?

విశాఖపట్నంలో మధురవాడలో కాల్ మధ్యలో కట్ అయినా, గాజువాకలో ఇంటర్నెట్ నిలిచిపోయినా ‘ట్రాయ్‌కి ఫిర్యాదు చేస్తాం’ అనే మాట వినిపిస్తుంది. అయితే టెలికాం నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్, వ్యక్తుల ఫిర్యాదులను విచారించి తీర్పు చెప్పదు. దీనికి కారణం ఆ సంస్థ పుట్టుకలోనే ఉంది.

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద ఒకప్పుడు టెలిఫోన్లు నడిపేదీ, వాటికి నిబంధనలు పెట్టేదీ ప్రభుత్వమే. 1994 జాతీయ టెలికాం విధానంతో ప్రైవేటు కంపెనీలు రంగంలోకి వచ్చాక, వాటితో పోటీపడే ప్రభుత్వ శాఖే తగవు తీర్చడం సబబు కాదని 1997లో ట్రాయ్‌ను ఏర్పాటు చేశారు. ఛార్జీలు, సేవల నాణ్యత దాని పరిధిలోకి వచ్చాయి. లైసెన్సులపై మాత్రం అది సిఫార్సులు చేయగలదు, ఇచ్చేది కేంద్రమే. 2000లో చట్టాన్ని సవరించి, వివాదాల పరిష్కారాన్ని టీడీశాట్ అనే ట్రిబ్యునల్‌కు అప్పగించారు. అక్కడికి వినియోగదారుల బృందం వెళ్లవచ్చు గానీ, ఒంటరి వినియోగదారుడు వెళ్లలేడు.

పోనీ వినియోగదారుల ఫోరానికి వెళ్దామంటే, టెలిగ్రాఫ్ చట్టంలో ఆర్బిట్రేషన్ (మధ్యవర్తితో తగవు తీర్చుకునే పద్ధతి) ఉందన్న కారణంతో 2009లో సుప్రీంకోర్టు ఆ దారి మూసింది. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ఫిర్యాదు ముందు కంపెనీ ఫిర్యాదుల కేంద్రానికి, తర్వాత అదే కంపెనీలోని అప్పీలు విభాగానికి వెళ్లాలి. తన మీద వచ్చిన ఫిర్యాదును కంపెనీయే రెండుసార్లు వినడం న్యాయమైన ఏర్పాటు కాదు. వినియోగదారుల కమిషన్లు (ఫోరాలకు ఇప్పటి పేరు) ఈ కేసులు వినవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చాకే, విశాఖ వాసికి సొంత జిల్లాలో ఒక గడప దొరికింది.

ట్రాయ్ పరిహారం ఇప్పించడానికి ప్రయత్నించకపోలేదు. కట్ అయిన ఒక్కో కాల్‌కు 1 రూపాయి చొప్పున, రోజుకు 3 కాల్స్ దాకా చెల్లించాలని 2015లో నిబంధన తెచ్చింది. తప్పు ఎవరిదో చూడకుండా భారమంతా కంపెనీల మీద మోపడం అసమంజసమంటూ 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

2024 నిబంధనలు మరో దారి పట్టాయి. జిల్లా స్థాయిలో సేవలు 24 గంటలకు మించి ఆగిపోతే పోస్ట్‌పెయిడ్ వారికి అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వారికి గడువు పెంచాలి. ప్రకృతి విపత్తులకు మాత్రం ఇది వర్తించదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక కరెంటుతోపాటు ఫోన్లూ పోయి, విశాఖ వాసులు అయినవాళ్ల క్షేమం తెలుసుకోలేక అల్లాడిపోయారు. గాలికి టవర్లు కూలడం కంపెనీల తప్పు కాదు కాబట్టి జరిమానా వద్దనడంలో అర్థముంది. కానీ అందని సేవకు డబ్బు తీసుకోవడం వేరే సంగతి. కనీసం ఆ రోజుల అద్దెనైనా మినహాయించేలా ట్రాయ్ ఈ నిబంధనను సవరించాలి.