ఆ గిటార్ బిట్ ఆండీది, పాట మాత్రం స్టింగ్‌ది: పోలీస్ బ్యాండ్ కేసు వెనక కథ

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పోలీస్‌లో పాడుతూ బేస్ వాయించిన స్టింగ్ మీద, పాత బ్యాండ్‌మేట్స్ గిటారిస్ట్ ఆండీ సమ్మర్స్, డ్రమ్మర్ స్టూవర్ట్ కోప్‌లాండ్ తమ వాటా డబ్బు కోసం లండన్ హైకోర్టులో వేసిన కేసు మళ్ళీ వార్తల్లోకొచ్చింది. ఇంత డబ్బున్నోళ్ళు, డెబ్బై దాటాక ఇంకా ఈ కొట్లాటేంటని చాలామంది అంటున్నారు. బ్యాండ్ ఎలా పుట్టింది, ఎలా పైకొచ్చింది అన్నది అందరికీ తెలిసిందే, అది వదిలేద్దాం. నన్నడిగితే ముడి మొత్తం కరీబియన్‌లోని మాంట్‌సెరాట్ దీవిలో, వాళ్ళ సింక్రొనిసిటీ ఆల్బమ్ రికార్డింగ్ దగ్గరే పడింది.

అప్పటికే ముగ్గురికీ పడట్లేదు. స్టూవర్ట్ డ్రమ్స్ డైనింగ్ రూమ్‌లో, ఆండీ గిటార్‌తో స్టూడియోలో, స్టింగ్ బేస్ పట్టుకుని కంట్రోల్ రూమ్‌లో, అంటే ఒకే పాటకి మూడు గదులు. స్టింగ్ తెచ్చిన 'ఎవ్రీ బ్రెత్ యు టేక్' డెమోలో ఆర్గాన్ నిండా పరుచుకుని ఉంది, అది ఎవరికీ ఎక్కట్లేదు. చివరికి వెళ్ళి నీకు నచ్చినట్టు వాయించు అన్నాడట స్టింగ్, ఆండీతో. ఆండీ కార్డ్‌ని, అంటే కలిపి మోగించే స్వరాల గుంపుని, ఒక్కసారిగా మీటకుండా ఒక్కో స్వరం విడదీసి, తీగల్ని అరచేత్తో కొంచెం నొక్కిపెట్టి, వేళ్ళు బాగా సాగదీస్తే తప్ప అందని ఆ బిట్ ఒక్క టేక్‌లో వాయించేశాడని ఆయనే చెప్తాడు. ఇప్పుడు ఆ పాట పేరు చెప్పగానే చెవిలో మోగేది మాటలకన్నా ముందు ఆ బిట్టే కదా!

1983లో అమెరికాలో 8 వారాలు నంబర్ వన్. రచయితగా పేరు స్టింగ్ ఒక్కడిదే, సాంగ్ ఆఫ్ ద ఇయర్ గ్రామీ కూడా అతనికే. మాటలు, ట్యూన్ అతనివే, అది ఎవరూ కాదనట్లేదు, చట్టం లెక్కలో పాట అంటే దాదాపు అంతే. అందుకే 1977లోనే నోటిమాటగా ఒక ఒప్పందం పెట్టుకున్నారు, పాట రాసినవాడి పబ్లిషింగ్ ఆదాయంలో, అంటే పాట హక్కుల మీద వచ్చే డబ్బులో, 15 శాతం అరేంజ్‌మెంట్ కింద, అంటే పాటకి వాయిద్యాల రూపం ఇచ్చినందుకు, మిగతావాళ్ళకి వెళ్ళాలని. తర్వాత అది కాగితం మీదకొచ్చింది. ఈరోజు కేసు దాని మీదే.

1985లో స్టింగ్ జాజ్ వాళ్ళని పెట్టుకుని సోలో ఆల్బమ్ తెచ్చాడు, ఇక వెనక్కి చూడలేదు. 86లో మళ్ళీ కలుద్దామనుకుంటే స్టూవర్ట్ గుర్రం మీంచి పడి కాలర్‌బోన్ విరగ్గొట్టుకున్నాడు, ఒకటి రెండు పాత పాటలు తిరగరికార్డు చేసి ఆగిపోయారు. ఇప్పటి పిల్లలకి స్టింగ్ తెలుసు, పోలీస్ అంటే ఆయన పాత బ్యాండ్ అంటే తప్ప గుర్తుపట్టరు. 1980లో బొంబాయిలో ఈ ముగ్గురే వాయించినప్పుడు ఆ పేరు ముగ్గురిదీ.

1997లో అమెరికన్ ర్యాపర్ పఫ్ డాడీ వచ్చాడు. అతని పాటకి ఆండీ బిట్టే వెన్నెముక, అమెరికాలో 11 వారాలు నంబర్ వన్. పబ్లిషింగ్ డబ్బు రచయితగా స్టింగ్‌కి పోయింది, ఎంటీవీ అవార్డుల స్టేజీ మీద పఫ్ డాడీ పక్కన నిలబడి పాడింది కూడా స్టింగే. ఆండీ ఆ బాధని ఇంటర్వ్యూల్లో ఎప్పుడూ దాచుకోలేదు.

2016లో ఇంకో ఒప్పందం రాసుకున్నారు. స్టింగ్ లాయర్ల వాదన దాని మీదే, స్ట్రీమింగ్ అంటే పబ్లిక్ పెర్ఫార్మెన్స్ (నలుగురికీ పాట వినిపించడం) లాంటిది, అరేంజర్ వాటా అందులోకి రాదని. ఆండీ, స్టూవర్ట్ ఏమో అది రికార్డు అమ్మకం లాంటిదే, వాటా రావాల్సిందే అంటున్నారు. కేసు పడ్డాక స్టింగ్ వైపు నుంచి 5 లక్షల పౌండ్లకు పైగానే చెల్లించారు. మిగతాది తేల్చాల్సింది కోర్టు, 1977లో స్ట్రీమింగ్ అన్న ఊసే లేకుండా అనుకున్న మాటకి ఇప్పుడేం అర్థం చెప్పాలో.