‘లేదు’ అన్నారా, ‘కాదు’ అన్నారా?

ఒక పాఠకురాలు ఈమధ్య ఇలా అడిగారు: "టీవీలో నాయకులు ఏ ప్రశ్నకీ సూటిగా బదులివ్వరు. అయినా చూస్తున్నంతసేపూ అన్నిటికీ చెప్పేసినట్టే ఉంటుంది. ఇది వాళ్ళ మాటల గారడీయా, మన తెలివితక్కువతనమా?"

రెండూ కాదు. చాలావరకు ఇది వ్యాకరణం. ఆ వ్యాకరణమంతా మన నోట్లో రోజూ ఆడేదే. బడిలో మాత్రం ఎవరూ చెప్పరు. సంధులు, సమాసాలు బట్టీ పెట్టించి మార్కులు వేస్తారు గానీ, ప్రశ్న చివర వచ్చే ‘ఆ’ అనే ఒక్క అచ్చు వాక్యంలో చోటు మారితే ఏమవుతుందో నాకు ఏ మాస్టారూ చూపించలేదు. అది తెలిసిన రోజు నుంచి నేను వార్తల ఇంటర్వ్యూలు వినే తీరే మారిపోయింది.

ఒక మంత్రిగారున్నారనుకుందాం, ఒక ఫైలుందనుకుందాం. విలేఖరి ఇలా అడగొచ్చు: "మీరు నిన్న రాత్రి ఈ ఫైలు మీద సంతకం పెట్టారా?" ఇక్కడ ‘ఆ’ క్రియ మీద కూర్చుంది. పెట్టారో లేదో అడిగే మనిషికి తెలియదు. రెండు దారులూ తెరిచే ఉన్నాయి.

ఇప్పుడు ‘ఆ’ని జరపండి. "మీరు ఈ ఫైలు మీద సంతకం పెట్టింది నిన్న రాత్రా?" క్రియ ‘పెట్టారు’ కాస్తా ‘పెట్టింది’ అయిపోయింది. సంతకం పెట్టారా అన్నది ఇక ప్రశ్నే కాదు, అది తేలిపోయిన సంగతి. అడుగుతున్నది ఎప్పుడని మాత్రమే. మళ్ళీ జరపండి: "నిన్న రాత్రి ఈ ఫైలు మీద సంతకం పెట్టింది మీరా?" ఎవరో పెట్టారు, అది ఖాయం. మీరా, ఇంకొకరా అన్నదే మిగిలింది. ‘మీరెందుకు పెట్టారు’ అంటే ఇక చెప్పనక్కర్లేదు.

అంటే ఇలాంటి ప్రశ్నలకు రెండు భాగాలుంటాయి: అడిగేది ఒకటి, మోసుకొచ్చేది ఇంకొకటి. ఆ మోసుకొచ్చేదాన్ని నేను మూట అంటాను. భాషాశాస్త్రంలో దాని పేరు ప్రిసపోజిషన్. జర్మన్ తార్కికుడు ఫ్రేగె 1892లోనే దీన్ని పట్టుకున్నాడు. ‘కెప్లర్ దైన్యంలో చనిపోయాడు’ అన్నా, ‘దైన్యంలో చనిపోలేదు’ అన్నా, కెప్లర్ అనే మనిషి ఒకడున్నాడని రెండు వాక్యాలూ ముందే ఒప్పుకుంటున్నాయి. మూటకు పరీక్ష అదే: వాక్యాన్ని కాదన్నా మూట కింద పడదు.

ఇక్కడే తెలుగు నన్ను ముగ్ధుణ్ణి చేస్తుంది. ఇంగ్లీషులో దేనికైనా ‘నో’, హిందీలో దేనికైనా ‘నహీఁ’. మనకు రెండు మాటలున్నాయి. "సంతకం పెట్టారా?" అంటే "లేదు". "పెట్టింది మీరా?" అంటే "కాదు". ‘లేదు’ పనినే కొట్టేస్తుంది. ‘కాదు’ వేలు పెట్టి చూపించిన ముక్కను మాత్రం కొట్టేసి, మిగతాదాన్ని భద్రంగా ఉంచుతుంది. "నిన్న రాత్రి కాదండీ" అన్న మంత్రిగారు మొన్నో ఆ ముందు రోజో పెట్టానని చెప్పకనే చెప్పారు. "నేను కాదు" అన్నవారు ఎవరో పెట్టారన్నది ఒప్పుకున్నారు. కన్నడంలో, మలయాళంలో కూడా ‘ఇల్ల’, ‘అల్ల’ అని ఇలాంటి జోడీయే ఉంది. మాట తొందరలో మనం వీటిని కాస్త అటూ ఇటూ వాడతాం, నిజమే. కానీ కెమెరా ముందు తడబడిన మనిషి నోట ‘లేదు’ రావాల్సిన చోట ‘కాదు’ వస్తే నేను చెవులు రిక్కిస్తాను.

మూటను దించాలంటే ఏం చేయాలి? మనకు దానికీ ఒక మాట ఉంది: ‘అసలు’. "అసలు నేను సంతకమే పెట్టలేదు." అనుభవమున్న నాయకులు చేసే మొదటి పని ఇదే. ప్రశ్నకు జవాబివ్వరు, ప్రశ్న కింద పరిచి ఉన్న చాపను లాగేస్తారు.

మూటలు కట్టే మాటలు ఇంకా ఎన్నో ఉన్నాయి. "ఇంకా మీ పార్టీలోనే ఉన్నారా?" "మళ్ళీ మాట మార్చారా?" "ఈ కాంట్రాక్టు కూడా మీ బావమరిదికేనా?" ‘కూడా’ ఒక్కటి తీసేసి చదవండి, అంతకుముందు ఇచ్చిన కాంట్రాక్టులన్నీ మాయమవుతాయి. "తప్పని ఎప్పుడు తెలుసుకున్నారు?" అంటే తప్పు తేలిపోయింది, తారీఖు ఒక్కటే బాకీ. విలేఖరికి ఒక కవచం కూడా ఉంది, ‘ట’. "మీరు డబ్బు తీసుకున్నారట కదా?" ఆరోపణ గాలిలో ఉంది, నేను అందించానంతే అన్నట్టు. ‘ప్రజలు అనుకుంటున్నారు’, ‘ఆరోపణలు వినిపిస్తున్నాయి’ అన్నవీ ఆ పనికే. నాయకుల వైపు కవచం ‘జరిగింది’. "నిర్ణయం తీసుకున్నాం" అనరు, "నిర్ణయం తీసుకోవడం జరిగింది" అంటారు. వాన కురిసినట్టు, కర్త లేకుండా నిర్ణయం జరిగిపోయింది.

ఈ మూట వినేవాళ్ళ జ్ఞాపకంలోకి కూడా దిగుతుందని అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, గైడో జాన్ని 1975లో ఒక ప్రయోగంలో చూపించారు. కారు ప్రమాదం సినిమా చూపించి, కొందరిని ‘పగిలిన ఆ హెడ్‌లైటు చూశారా?’ అన్న ధోరణిలో, మరికొందరిని ‘పగిలిన హెడ్‌లైటు ఏదైనా చూశారా?’ అన్న ధోరణిలో అడిగారు. ఇంగ్లీషులో తేడా ‘ద’, ‘ఎ’ అనే రెండు చిన్న మాటలదే. సినిమాలో లేని వస్తువును చూశామన్నవాళ్ళు మొదటి గుంపులోనే ఎక్కువ. ఇంటర్వ్యూ చూస్తున్న లక్షల మందికీ ప్రశ్నలు ఇలాగే చేరుతుంటాయి. జవాబు మర్చిపోతాం, మూట ఇంట్లో ఉండిపోతుంది.

ఇక్కడ ఒక మూఢనమ్మకం సంగతి చెప్పాలి. ‘కళ్ళు కుడివైపు తిప్పాడు, అబద్ధం’, ‘ముక్కు గోక్కున్నాడు, దాస్తున్నాడు’ అని ఇంటర్వ్యూ క్లిప్పులకు జోస్యం చెప్పేవాళ్ళు బోలెడు మంది. కళ్ళ కదలికకూ అబద్ధానికీ సంబంధం కనబడలేదని 2012లో రిచర్డ్ వైజ్‌మన్ బృందం ప్రయోగాలు చేసి ప్రకటించింది. మనుషుల్ని చూసి, విని అబద్ధం పట్టే మన సామర్థ్యం సుమారు 54 శాతమని 2006లో బాండ్, డిపౌలో ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్క తేల్చారు. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. ముఖం చూసే ఓపికలో సగం క్రియాపదం మీద పెడితే ఎంతో తెలుస్తుంది.

సరే, నాయకులు ఎందుకు తప్పించుకుంటారు? కెనడాలో జానెట్ బావెలాస్ బృందం 1990లో చెప్పిన వివరణ నాకు నచ్చుతుంది. వాళ్ళు స్వభావాన్ని కాదు, పరిస్థితిని చూశారు. ముందుకు వెళితే నుయ్యి, వెనక్కి వెళితే గొయ్యి అన్నట్టు, ఔనన్నా నష్టం, కాదన్నా నష్టం అయితే ఎవరైనా మాట నాన్చుతారు. బంధువు పెట్టిన చప్పిడి కూర ఎలా ఉందని అడిగితే మనం చేసేదీ అదే. బ్రిటన్‌లో పీటర్ బుల్, కేట్ మేయర్ 1987 ఎన్నికలప్పటి ప్రధాని థాచర్, ప్రతిపక్ష నాయకుడు కినక్ ఇంటర్వ్యూలను వాక్యం వాక్యం విప్పి చూసి, జవాబివ్వకపోవడంలో 30 రకాలు లెక్కపెట్టారు. ప్రశ్న మీద దాడి, అడిగేవాడి మీద దాడి, సగం జవాబు, ఇలా. ఇద్దరూ సగానికి పైగా ప్రశ్నలకు జవాబివ్వలేదు.

‘ప్రశ్న మీద దాడి’ అన్నది గమనించండి. మూట ఉన్న ప్రశ్న మీద అది సులువు. అందుకే మన చానెళ్ళలో గొంతు పెంచి, మూటల మీద మూటలు వేసి అడిగే ప్రశ్నలు గట్టివని నేను అనుకోను. ‘అసలు మీ ప్రశ్నే తప్పు’ అనే తలుపు వాటిలోనే తెరిచి ఉంటుంది. నిజంగా గట్టి ప్రశ్న ఖాళీ చేతులతో వస్తుంది.

1997 మే 13న బీబీసీ న్యూస్‌నైట్‌లో జెరెమీ పాక్స్‌మన్ అడిగింది అలాంటిదే. ఎదురుగా బ్రిటన్ మాజీ హోం మంత్రి మైకేల్ హోవర్డ్. పార్క్‌హర్స్ట్ జైలు అధికారిని సస్పెండు చేసే విషయంలో జైళ్ళ శాఖ అధిపతి డెరెక్ లూయిస్‌తో వచ్చిన గొడవ గురించి చర్చ. ‘మీరు ఆయన (లూయిస్) నిర్ణయాన్ని తోసిపుచ్చుతానని బెదిరించారా?’ అదీ ప్రశ్న. ‘ఆ’ క్రియ మీదే ఉంది. ‘ఇంకా’ లేదు, ‘మళ్ళీ’ లేదు, ‘ఎందుకు’ లేదు. హోవర్డ్ జవాబు: లూయిస్‌ను ఆదేశించే అధికారం నాకు లేదు, నేను ఆదేశించలేదు. అడిగింది బెదిరించడం, కొట్టేసింది ఆదేశించడం. ‘లేదు’ అన్న మాట వచ్చింది, కానీ వేరే క్రియకు అతుక్కుని వచ్చింది. పాక్స్‌మన్ మళ్ళీ అడిగాడు. ఇంచుమించు అవే మాటలతో, పన్నెండు సార్ల వరకు. తర్వాతి అంశం సిద్ధం కాకపోవడంతో సమయం నింపడానికి అలా అడుగుతూ పోయానని తర్వాత ఆయనే చెప్పాడు.

మొదటిసారి జవాబు వింటే తేడా పట్టడం కష్టం. ఎందుకో 2011లో టాడ్ రోజర్స్, మైకేల్ నార్టన్ చేసిన ప్రయోగంలో ఉంది. ఆరోగ్య పథకం గురించిన ఒకే జవాబును మూడు వేర్వేరు ప్రశ్నలకు అతికించారు. ఉగ్రవాదం గురించి అడిగితే ఆరోగ్యం గురించి చెప్పాడేమిటని జనం పట్టేశారు. కానీ మాదకద్రవ్యాల గురించి అడిగినప్పుడు అదే జవాబు జారిపోయింది, చాలామందికి అడిగిన ప్రశ్న ఏమిటో కూడా గుర్తులేదు. పక్కింటి విషయం కాబట్టి సొంతిల్లే అనుకున్నారు. బెదిరించడానికీ ఆదేశించడానికీ ఉన్నది ఆ పక్కింటి దూరమే. పన్నెండు సార్లు అడిగేసరికి ప్రశ్న ఇక మర్చిపోలేనిదైంది. పాఠకురాలి సందేహానికి జవాబు ఇదే: తప్పించుకోవడం పనిచేసేది మనకు జవాబు అర్థం కాక కాదు, అప్పటికి ప్రశ్న మన చేతిలో లేక.

అదే ప్రయోగంలో ఇంకో సంగతి. జవాబు నడుస్తున్నంతసేపూ ప్రశ్నను తెర మీద రాసి ఉంచితే, పక్కింటి జవాబును కూడా జనం పట్టుకున్నారు. మన తెలుగు చానెళ్ళలో తెర అడుగున ఒక పట్టీ ఎప్పుడూ ఉంటుంది. బ్రేకింగ్ న్యూసు, బంగారం ధర, ‘సంచలన వ్యాఖ్యలు’ దాని మీద పరుగెత్తుతుంటాయి. ఇంటర్వ్యూ జరిగే ఆ అరగంటా అడిగిన ప్రశ్నను, ‘ఆ’ ఎక్కడుందో కనబడేట్టుగా, అక్కడ కదలకుండా నిలబెట్టే చానెల్ కోసం నేను చూస్తున్నాను.