క్రియాటినిన్ తగ్గిందని సంబరపడకండి: కిడ్నీ జబ్బున్న పెద్దల తిండిపై అపోహలు - వాస్తవాలు

మొన్న ఓపీకి 74 ఏళ్ల పెద్దాయనను కొడుకు తీసుకొచ్చాడు. "మేడమ్, క్రియాటినిన్ 2.4 నుంచి 2కి దిగింది. పప్పు, గుడ్డు, పాలు అన్నీ మాన్పించేశాం" అన్నాడు సంతోషంగా. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడకట్టి పంపేసే వ్యర్థం, కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరుగుతుంది. పెద్దాయన్ని చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమన్నాను. రెండోసారికే బల్ల పట్టుకున్నారు.

అపోహ: క్రియాటినిన్ తగ్గితే కిడ్నీ బాగుపడినట్టే.

కానక్కర్లేదు. క్రియాటినిన్ ఎక్కువగా కండల్లోంచే పుడుతుంది. కండ కరిగితే దాని తయారీ తగ్గుతుంది, రిపోర్టులో అంకె దిగుతుంది. కిడ్నీ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉండొచ్చు. అనుమానం వస్తే కిడ్నీ పనితీరు చూసే మరో రక్తపరీక్ష, సిస్టాటిన్ సి గురించి డాక్టర్‌ని అడగండి, దాని మీద కండ ప్రభావం తక్కువ. తూకాన్నీ నమ్మలేం. ఒంట్లో నీరు చేరితే, కండ పోయినా బరువు అంతే చూపిస్తుంది. ఆ కుర్చీ పరీక్షే నాకు ఎక్కువ చెబుతుంది. ఐదుసార్లకు 12 సెకన్లో అంతకన్నా ఎక్కువో పడితే కండ తగ్గిందేమోనని ఆలోచించాల్సిందే.

అపోహ: కిడ్నీ జబ్బంటే ప్రోటీన్ బంద్.

ఎక్కువ తినొద్దన్న మాట ఇంటికి చేరేసరికి అసలు తినొద్దని మారిపోతుంది. డయాలసిస్ దాకా రానివారికి సాధారణంగా కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాములు. అంటే 50 కిలోల మనిషికి 40 గ్రాములు. కండ కరిగి నీరసించిన పెద్దలకు అంతకన్నా పెంచే విషయం ఆలోచించమని అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంస్థ కెడిగో 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎంతన్నది మనిషిని, రిపోర్టులను బట్టి డాక్టరూ డైటీషియనూ తేల్చాలి. మా పెద్దాయన తింటున్నది రెండు పూటలా చారన్నం, సొరకాయ కూర. లెక్కేస్తే 20 గ్రాములు కూడా రాలేదు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, ఒక గ్లాసు పాలలోనూ దాదాపు అంతే.

ఇంకో సంగతి. అసలు తిండే చాలకపోతే, తిన్న కాస్త ప్రోటీన్ కూడా ఒంటికి శక్తి కోసం ఖర్చయిపోతుంది. అందుకే ముందు అన్నం ముద్దలు పెంచి, పైన ఒక చెంచా నూనో నెయ్యో వేయమంటాను. కట్టుడు పళ్లు వదులైపోయాయేమో కూడా చూడండి. చాలా ఇళ్లలో తిండి తగ్గడానికి అసలు కారణం అదే.

అపోహ: డయాలసిస్‌లో ఉన్నా అదే పథ్యం.

పూర్తిగా తప్పు. అక్కడ కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. డయాలసిస్‌లో ప్రోటీన్ తయారయ్యే ముడిసరుకైన అమైనో ఆమ్లాలు కూడా కొట్టుకుపోతాయి.

అపోహ: మామూలు ఉప్పు బదులు లో సోడియం ఉప్పు మంచిది.

ఇది నాకు నిజంగా టెన్షన్ పెట్టేది. వాటిలో చాలావరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ పని తగ్గినవారిలో అది గుండె లయకే ముప్పు తేవచ్చు. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకుండా చూసుకుంటూ ఆవకాయ, అప్పడం, ఎండుచేప తగ్గించండి. నిమ్మరసం, కొత్తిమీర, జీలకర్రతో రుచి తెచ్చుకోండి. పొటాషియం పేరు చెప్పి కూరగాయలన్నీ మానకండి. రక్తంలో అది పెరిగినప్పుడే జాగ్రత్త. అప్పుడు ముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయండి.

అపోహ: విశ్రాంతి తీసుకుంటే బలం వస్తుంది.

మంచానికి పరిమితమైతే తిన్నది కండకు పట్టదు. డాక్టర్ ఒప్పుకుంటే గోడ పక్కన కుర్చీ వేసుకుని రోజూ లేచి కూర్చోవడం మొదలుపెట్టండి.

పెద్దాయనకు పొద్దున ఒక గుడ్డు, మధ్యాహ్నం చిన్న కప్పు పప్పు రాశాను. కొడుకు ముఖంలో ఇంకా భయమే. మూడు వారాలకు యూరియా, పొటాషియం మళ్లీ చూద్దామన్నాను. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర పెద్దాయన అడిగారు: "అమ్మా, గుడ్డు అట్టు వేసుకోవచ్చా?"