భరేత్, ఫెరొయ్: మధ్యలో దూరిన ఒక ఇకారం

సంస్కృతం నేర్చుకుంటున్న ఒక పాఠకురాలు అడిగారు: "విధిలిఙ్ లాంటిది ప్రాచీన గ్రీకులోనూ ఉందట, నిజమేనా?" ఉంది. దాని పేరు ఆప్టెటివ్. విధిలిఙ్ అంటే సంస్కృతంలో 'చేయాలి', 'జరుగుగాక', 'కావచ్చు' లాంటి అర్థాలిచ్చే క్రియారూపం.

'సత్యం బ్రూయాత్' (నిజం చెప్పాలి) మనకు తెలిసిందే. 'భవేత్, భవేతాం, భవేయుః' అని బట్టీ పట్టించే మాస్టార్లు ఆ ఏకారం ఎక్కడిదో మాత్రం చెప్పరు. ధాతువు వైపు భాగానికీ చివరి ప్రత్యయానికీ మధ్య ఒక ఇకారం దూరింది. ఉదాహరణకు, భర + ఇ + త్. గుణసంధి తెలిసినవాళ్లు మిగతాది చెప్పేస్తారు: భరేత్, అంటే 'మోయుగాక'. గ్రీకులోనూ అదే ఇకారం, అదే చోట. కానీ అక్కడ మన అకారం చోట ఉన్న ఒకారం, ఇకారం ఏకారంగా కరిగిపోలేదు, పక్కపక్కనే ఉండిపోయాయి. పైగా గ్రీకు మాటల చివర 'త్' నిలవదు, రాలిపోతుంది. పాత 'భ' అక్కడ ఒత్తు 'ప' అయింది. ఈ మూడూ కలిపితే భరేత్‌కి జోడీ 'ఫెరొయ్'. 'స్యాత్' (ఉండుగాక, కావచ్చు) కథా ఇంతే. గ్రీకులో నడిమి 'స్', చివరి 'త్' పోయి 'ఎయే' మిగిలింది. మన వైపు మొదటి అచ్చు పోయింది. జైనుల స్యాద్వాదంలో ఉన్నది ఈ స్యాత్తే.

దీన్ని చూపించి గ్రీకు సంస్కృతంలోంచే పుట్టిందనేవాళ్లున్నారు. కాదు. రెండూ ఒక తల్లి పిల్లలు.

ఇక వాడుక. 'గెనొయ్తొ' ఒక్కటే ఉంటే కోరిక: జరుగుగాక. పక్కన 'అన్' అనే చిన్న ముక్క చేరితే కోరిక పోయి అవకాశం వస్తుంది: జరగవచ్చు. అసలు టెన్షన్ దీని తర్వాతే. 'ఫలానా అని చెప్పాడు' అన్నప్పుడు ప్రధాన క్రియ భూతకాలంలో ఉంటే, ఆ 'ఫలానా'లోని క్రియ కూడా ఆప్టెటివ్‌లోకి మారవచ్చు. అక్కడ కోరికా లేదు, అవకాశమూ లేదు. మాట ఇంకొకరిది, కాలం గడిచింది. నాకైతే గ్రీకు వాక్యంలో అన్నిటికన్నా ముచ్చటైన పని ఇదే.

అపొస్తలుడైన పౌలు నాటికి ఈ రూపాలు వాడుకలో బాగా తగ్గాయి. ఆయన రోమీయులకు రాసిన పత్రికలో పదేపదే వచ్చే 'మే గెనొయ్తొ' (అలా జరగకూడదు గాక) తెలుగు బైబిల్లో 'అట్లనరాదు' అయింది. నేటి గ్రీకులు ఆ పాత మాటను ఇంకా అంటారు, ఉచ్చారణ మాత్రం 'మి యెనితొ'. మామూలు కోరికలకు క్రియ ముందు 'నా' అనే ముక్క పెట్టుకుంటారు.