తప్పు కోతిదా, ఆదివారానిదా?

ఒక పాఠకుడు అడిగారు: “మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీదికి కోతులు ఎక్కుతూనే ఉంటాయి. పాపం, ఒకటి రెండు చచ్చాయి కూడా. అప్పుడు మా వీధికి మాత్రమే కరెంటు పోయింది, పక్క వీధిలో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. శ్రీలంకలో ఒక్క కోతి వల్ల దేశమంతా చీకటైందంటే నమ్మమంటారా?”

నమ్మండి. 2025 ఫిబ్రవరి 9న, మిట్టమధ్యాహ్నం కావస్తుండగా, కొలంబోకి దక్షిణాన ఉన్న పానదుర సబ్‌స్టేషన్‌లో ఒక కోతి ట్రాన్స్‌ఫార్మర్‌ని తగిలిందని అక్కడి ఇంధన శాఖ మంత్రే చెప్పారు. రెండు కోట్ల పైచిలుకు జనాభా ఉన్న ద్వీపమంతా కరెంటు పోయింది. మనవాళ్ళకి లంక, కోతి అనే రెండు మాటలు ఒకే వాక్యంలో కనబడితే ఇంకేం కావాలి! తోకలు, నిప్పు, లంకా దహనం అంటూ వారం రోజులు జోకులే జోకులు. నేనూ నవ్వాను. కానీ ఆ జోకుల్లో పడి అందరూ వదిలేసిన మాట ఒకటుంది. ఆ రోజు ఆదివారం.

వార ఫలాల సంగతి కాదు నేను చెప్పేది. ఆదివారం ఆఫీసులు, ఫ్యాక్టరీలు మూసి ఉంటాయి, కరెంటు వాడకం తక్కువ. పైన ఎండ మాత్రం సెలవు తీసుకోదు. శ్రీలంకలో ఇళ్ళ పైకప్పుల మీది సోలార్ ప్యానెళ్ళ సామర్థ్యమే వెయ్యి మెగావాట్లు దాటింది. ఆ సమయానికి దేశంలో వాడుతున్న కరెంటులో దాదాపు సగం ఎండ నుంచే వస్తోంది. ప్యానెళ్ళలో తిరిగేదేమీ ఉండదు. అంటే ఆ పూట కరెంటు పుట్టిస్తూ తిరుగుతున్న చక్రాలు తక్కువ. అసలు కథ ఈ చక్రాలదే.

మా మేనమామగారి ఊరు అనకాపల్లి దగ్గర. చిన్నప్పుడు సంక్రాంతి సెలవులకి వెళ్తే అక్కడ చెరకు గానుగ ఆడుతూ ఉండేది. దాన్ని తిప్పేది ఒంటి సిలిండర్ ఆయిల్ ఇంజన్. రెండు పక్కలా రెండు పెద్ద ఇనప చక్రాలు. అంత చిన్న ఇంజన్‌కి అంత బరువు చక్రాలెందుకో నాకు అర్థమయ్యేది కాదు. స్టార్ట్ చెయ్యడమే ఒక తతంగం. ఒకాయన పైనున్న చిన్న లివర్ ఎత్తి పట్టుకునేవాడు, ఇంకొకాయన హ్యాండిల్ తగిలించి బలమంతా పెట్టి తిప్పేవాడు. చక్రాలు ఊపందుకున్నాక లివర్ వదిలేస్తే ‘డుబ్’ అని మొదటి చప్పుడు. ఆ ఇంజన్‌లో చక్రం రెండు చుట్లు తిరిగితే ఇంధనం మండేది ఒక్కసారే. మిగతా ఒకటిన్నర చుట్టు ఆ చక్రాలే లాక్కొస్తాయి. మండినప్పుడు తీసుకున్నది దాచుకుని, మండనప్పుడు ఇస్తాయి.

గానుగలోకి చెరకు గడలు పెడుతున్నప్పుడు చూడాలి. రెండు గడలు పెడితే ఏమీ తెలియదు. ఎవరో ఆత్రంగా పది గడలు ఒకేసారి తోస్తారు. డుగ్ డుగ్ మనే చప్పుడు ఒక్కసారి బరువెక్కి, నెమ్మదిస్తుంది. రెండు మూడు క్షణాలకి గవర్నర్, అంటే ఇంజన్ వేగాన్ని కాపాడే పరికరం, ఆయిల్ ఎక్కువ వదులుతుంది, పొగ నల్లగా వస్తుంది, చప్పుడు మళ్ళీ పుంజుకుంటుంది. ఆ మధ్య క్షణాలు గడిపింది ఎవరు? చక్రాలు. వాటి బరువే లేకపోతే గవర్నర్ మేలుకునేలోపే ఇంజన్ ఆగిపోయేది. మామయ్య తిట్లు తినేది మాత్రం చెరకు తోసినవాడు.

ఒక దేశపు విద్యుత్ గ్రిడ్, అంటే కరెంటు కేంద్రాల్నీ ఊళ్ళనీ కలిపే తీగల వల, కూడా సరిగ్గా ఇదే. శ్రీలంకలో నోరోచ్చోలై అనే చోట ఉన్న బొగ్గు కేంద్రంలో 300 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. ఒక్కోదాంట్లో టన్నుల కొద్దీ ఉక్కు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. విక్టోరియా, కొత్మలే జల విద్యుత్ కేంద్రాల్లో టర్బైన్లు ఇంకా నెమ్మదిగా, ఇంకా లావుగా తిరుగుతాయి. ఇవన్నీ ఎక్కడెక్కడో దూరదూరంగా ఉన్నా, ఒకే ఇరుసుకి బిగించినట్టు ఒకే లయలో తిరుగుతాయి. ఆ లయే సెకనుకు 50 సార్లు, అంటే 50 హెర్ట్జ్. బడిలో జడత్వం పాఠం చెప్పేటప్పుడు ఇప్పటికీ బస్సు బ్రేకు వేస్తే ముందుకి తూలడమే చెబుతున్నారు. మన ఇంట్లో బల్బు వెలుగుతున్నది కూడా ఆ జడత్వం పుణ్యమేనని ఒక్క మాట అంటే ఎంత బాగుండు!

కొంచెం లెక్క చేద్దాం, విసుక్కోకండి. అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి. 800 మెగావాట్ల యంత్రాలు తిరుగుతున్నాయి. ఇలాంటి యంత్రాల చక్రాల్లో, వాటి పూర్తి సామర్థ్యంతో నాలుగు సెకన్లపాటు కరెంటు ఇవ్వగలిగినంత శక్తి దాగి ఉంటుంది. అంటే మొత్తం 3,200 మెగాజౌళ్ళు. హఠాత్తుగా 160 మెగావాట్ల ఉత్పత్తి పోయింది. లోటు సెకనుకు 160 మెగాజౌళ్ళు, అంటే దాచిన దాంట్లో 5 శాతం. శక్తి వేగానికి వర్గంగా మారుతుంది కాబట్టి 5 శాతం శక్తి తగ్గితే వేగం తగ్గేది రెండున్నర శాతం. 50లో రెండున్నర శాతం 1.25. మొదటి సెకనులోనే 50 కాస్తా 48.75 అవుతుంది. అదే 1,600 మెగావాట్ల యంత్రాలు తిరుగుతుంటే పతనం ఇందులో సగమే. ఆవిరి వాల్వు తెరుచుకోవడానికో, గొట్టంలో నీళ్ళు వేగం అందుకోవడానికో కొన్ని సెకన్లు కావాలి. ఆదివారం మధ్యాహ్నం ఆ కొన్ని సెకన్లే కరువు.

మరి అంత కరెంటు ఇస్తున్న సోలార్ ప్యానెళ్ళు ఆదుకోవా? అవి వంత పాడేవి. బుర్రకథలో కథకుడు చెబుతుంటే పక్కన ఇద్దరు ‘తందాన తాన’ అంటారు చూశారూ, మామూలు సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ళ కరెంటుని గ్రిడ్‌కి పనికొచ్చేలా మార్చే పెట్టె) పని అదే. గ్రిడ్‌లో లయ వింటుంది, దానికి తగ్గట్టు తన కరెంటు కలుపుతుంది. ఇక్కడ కథకుడు ఆ తిరిగే చక్రాలే. కథకుడి గొంతు బాగుంటే వంత ఎంత జోరుగా ఉన్నా పరవాలేదు. గొంతు పట్టు తప్పితే, లయ గీత దాటితే, వంతలు కథ అందుకోవు. నోరు మూసుకుంటాయి, అదీ అందరూ ఒకేసారి. లైన్‌మన్ పనిచేస్తున్న తీగల్లోకి ఏ ఇంటి మీద నుంచో కరెంటు పారకూడదని, ఆయన ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది. కాబట్టి తప్పనలేం. కానీ దాని ఫలితం చూడండి. ఆ రోజు నెత్తిన ఎండ మండుతుంటే, బ్యాటరీ లేని ప్యానెళ్ళ కింద ఉన్న ఇళ్ళలో కూడా ఫ్యాన్లు ఆగిపోయాయి.

ఇంకో తిరకాసు ఉంది. లయ పడిపోతున్నప్పుడు గ్రిడ్‌ని కాపాడటానికి కొన్ని ఊళ్ళ లైన్లు వాటంతటవే తెగేలా పెడతారు. గానుగలోంచి చెరకు లాగేసినట్టు. రాత్రిపూట అది బాగా పనిచేస్తుంది. మధ్యాహ్నమైతే ఆ ఊళ్ళ వాడకంతో పాటు ఆ ఊళ్ళ పైకప్పుల మీది ఉత్పత్తి కూడా పోతుంది. చెరకుతో పాటు ఇంజన్ ముక్క కూడా లాగేసినట్టన్నమాట.

సాయంత్రానికల్లా కరెంటు వచ్చింది. కానీ బొగ్గు యూనిట్లు మూడూ ఆగిపోయాయి, వాటిని మళ్ళీ వేడెక్కించడానికి రోజులు పడుతుంది. దాంతో సోమ, మంగళవారాల్లో గంటన్నర చొప్పున కోతలు. ఇక్కడ జల విద్యుత్తుకి దండం పెట్టాలి. బయటి నుంచి పెద్దగా కరెంటు సాయం లేకుండా, గేటు తెరిస్తే చాలు తిరగడం మొదలుపెడుతుంది.

మీరు అడగబోయేది తెలుసు: బ్యాటరీలు పెట్టుకోవచ్చు కదా? పెట్టుకోవాలి. ఈ విషయంలో శ్రీలంక అదృష్టం చాలామందికి తెలియదు. కొలంబో భూమధ్యరేఖకి 7 డిగ్రీల దూరంలోనే ఉంది. ఏడాదిలో అతి పొడవైన పగటికీ, అతి పొట్టి పగటికీ తేడా గంట కూడా లేదు. జర్మనీ వాళ్ళలా వేసవి ఎండని చలికాలానికి దాచుకోవాల్సిన పని లేదు. మధ్యాహ్నం దాచి, పొద్దుగూకాక జనం లైట్లు, టీవీలు వేసే నాలుగైదు గంటలకి వాడుకుంటే చాలు. అయితే గ్రిడ్‌కి కలిపే మామూలు బ్యాటరీ ఇన్వర్టర్ కూడా వంతే. తానే లయ పట్టగల ఇన్వర్టర్లు, అంటే కథకుడి పాత్ర వెయ్యగలవి, ఇప్పుడు వస్తున్నాయి. దక్షిణ ఆస్ట్రేలియా వాళ్ళు ఇంకో దారి పట్టారు. 2021లో ఇంధనమే లేకుండా ఊరికే తిరిగే నాలుగు భారీ యంత్రాలు బిగించారు, వాటికి ఫ్లైవీళ్ళు కూడా తగిలించారు. మామయ్య గానుగ చక్రాలే, సైజు పెరిగింది.

నాకు ఇష్టమైనది మాత్రం నీళ్ళు పైకి తోడి దాచడం. మీ మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు పది మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. దాంట్లో దాగిన శక్తి 27 వాట్ అవర్లు. తొమ్మిది వాట్ల బల్బు మూడు గంటలు, అంతే! అందుకే కొండలు కావాలి, చెరువులంత ట్యాంకులు కావాలి. శ్రీలంక మధ్యలో ఉన్నవి కొండలే. అరనాయక దగ్గర 600 మెగావాట్ల ‘మహా’ పథకం కట్టాలని ప్రణాళిక వేసుకున్నారు. మన శ్రీశైలం ఎడమ గట్టున ఉన్న ఆరు 150 మెగావాట్ల యంత్రాల్లాగే, అక్కడా యంత్రాలు ఒకవైపు తిరిగితే కరెంటు, రెండోవైపు తిరిగితే పంపు. శక్తిని దాచడమూ అవుతుంది, బరువైన చక్రం తిరగడమూ అవుతుంది.

ఉన్న డ్యాముల్లోనే పగలు నీళ్ళు ఆపి సాయంత్రం వదిలితే సరిపోదా అనొచ్చు. కొంతవరకు చేస్తారు. కానీ అక్కడి మహావేలి నది నీళ్ళు ఎప్పుడు ఎంత వదలాలన్నది పొలాలూ తేల్చాలి. కృష్ణా నీళ్ళ పంచాయితీ చూస్తున్న మనకి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ ఏప్రిల్‌లో సింహళ, తమిళ కొత్త సంవత్సరం వచ్చింది. సెలవులు, అంటే తొమ్మిది రోజుల ఆదివారాలు. ఏప్రిల్ 13 నుంచి 21 దాకా పగలు మూడు గంటల వరకు మీ సోలార్ ఆపేసుకోండని పైకప్పు ప్యానెళ్ళున్న వాళ్ళని సిలోన్ విద్యుత్ బోర్డు కోరింది. అప్పుచేసి ప్యానెళ్ళు పెట్టించుకున్న వాళ్ళకి ఎలా ఉంటుందో ఊహించుకోండి. అలాగని అది చేతకానితనం అని కొట్టిపారెయ్యలేను. పది గడలు తోసే రోజు కన్నా, ఇంజన్‌కి చక్రాలే లేని రోజు ప్రమాదం.

ఇక మీ వీధి కోతి సంగతి. అది తగిలింది చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ని, ఫ్యూజు పోయి అక్కడికక్కడే ఆగింది. మన దగ్గర పెద్ద సబ్‌స్టేషన్‌లో కోతి పడినా దేశం చీకటి కాకపోవడానికి ఇంకో కారణం ఉంది. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలో కలిసింది. 2024 మే నెలలో దేశం వాడకం 2,50,000 మెగావాట్లకు చేరింది. అందులో 300 మెగావాట్ల యూనిట్ ఒకటి ఆగితే ఎనిమిది వందల్లో ఒక వంతు. లంకకి సముద్రం దాటి ఎవరితోనూ తీగ లేదు. ఉన్న గానుగ ఒక్కటే.