బేరిపండ్ల దొంగ గురించి అమ్మమ్మ రాసిన ఉత్తరం

చిట్టితల్లికి, చిన్నోడికి అమ్మమ్మ దీవించి రాసేది.

మొన్న ఆగస్టు 28న గుళ్ళో పునీత అగస్టీను పండగ పూజ అయ్యాక చిన్నోడు అడిగాడు, "పళ్ళు దొంగిలించినాయన పునీతుడెలా అవుతాడు అమ్మమ్మా?" అని. ఆటో కోసం పరుగెత్తే హడావుడిలో "తర్వాత చెప్తాలే" అని దాటేశాను. ఇవాళ తీరిక దొరికింది.

అగస్టీనుది ఆఫ్రికా. ఇప్పటి అల్జీరియాలో తగాస్తే అనే చిన్న ఊళ్ళో 354లో పుట్టాడు. అప్పుడది రోము చక్రవర్తుల ఏలుబడి. బడంటే వణుకు. ఇవాళ దెబ్బలు పడకూడదు దేవుడా అని దణ్ణం పెట్టుకునేవాడట. వాతలు చూసి ఇంట్లో పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళు. నలభై దాటాక కూడా ఆ నవ్వు ఆయన మరిచిపోలేదు. మీ తాతయ్యా అంతేగా, లెక్కల మాస్టారి బెత్తం కథ ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పారు!

పదహారేళ్ళప్పుడు ఒక రాత్రి స్నేహితులతో కలిసి పక్కతోటలో బేరిచెట్టు దులిపేశాడు. ఆకలేసి కాదు. ఇంట్లో అంతకన్నా మంచి పళ్ళున్నాయి. ఒకటీ రెండూ కొరికి, మిగతావన్నీ పందులకు పారేశారు. పెద్దయి, హిప్పో రేవుపట్నానికి బిషప్ అయ్యాక, ఆ సంగతి ఆయనే పుస్తకంలో రాసుకున్నాడు. రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఒంటరిగా ఉంటే చేసేవాణ్ణి కాదు, వద్దనడానికి సిగ్గుపడి చేశానన్నాడు. ఈ మాట చిట్టితల్లికి తెలుస్తుంది, చిన్నోడికి ఇంకో రెండేళ్ళు పట్టొచ్చు.

తల్లి మోనికమ్మను ఏడిపించినంతా ఏడిపించాడు. కార్తేజి రేవులో, నేనూ వస్తానన్న తల్లికి అబద్ధం చెప్పి, ఆమె గుళ్ళో ప్రార్థన చేసుకుంటుంటే రాత్రికి రాత్రే ఓడెక్కి రోముకు పోయాడు. ఆవిడ ఊరుకుందా? సముద్రం దాటి మిలాను దాకా వెంట వెళ్ళింది. అక్కడే 387 ఈస్టరుకు బిషప్ అంబ్రోసు చేతుల మీదుగా అగస్టీను జ్ఞానస్నానం పొందాడు. అదే ఏడు ఆ తల్లి కన్నుమూసింది.

నాకు మింగుడుపడనివీ ఉన్నాయి. పదిహేనేళ్ళకు దగ్గరగా తనతో కాపురముండి కొడుకును కన్నామెను, వేరే సంబంధం కుదిరిందని తిప్పి పంపేశాడు. అంత రాసుకున్నాయన ఆమె పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. బిషప్ అయ్యాక, చర్చి నుంచి చీలిపోయిన డొనాటిస్టులనే క్రైస్తవులను సర్కారు బలంతో లొంగదీయడం సరేనన్నాడు. తర్వాతి కాలంలో జులుం చేసినవాళ్ళు ఆయన మాటలే అడ్డుపెట్టుకున్నారు. పునీతుడని ఇవి దాచిపెడితే ఆయనే ఒప్పుకోడు.

ఆయన ఉత్తరాలు కొన్ని ఎక్కడో రాతప్రతుల్లో మరుగునపడి, 1981లో గానీ అచ్చు కాలేదు. వాటిలో ఒకటి నాకు మరీ ఇష్టం. మనుషుల్ని కొనే వర్తకులు పల్లెల్లో ఎత్తుకొచ్చిన జనాన్ని హిప్పో రేవు నుంచి ఓడల్లో పంపేవాళ్ళు. అగస్టీను ఊళ్ళో లేనప్పుడు ఆయన గుడివాళ్ళే వెళ్ళి దాదాపు 120 మందిని విడిపించారు. అందులో ఒక చిన్నపిల్ల. నిన్నెలా అమ్మారమ్మా అని ఆయనే అడిగాడు. ఇంట్లోంచి ఎత్తుకొచ్చారంది. ఒక్కదానివే ఉన్నావా అంటే, లేదు, అమ్మానాన్నా అన్నలూ ఉన్నారంది. ఇంకా చెప్పడం చేతకాని పసిది. తీసుకెళ్ళడానికొచ్చిన అన్న, అర్ధరాత్రి దొంగలు ఎలా వచ్చిపడ్డారో చెప్పాడు. అంత పెద్ద బిషప్, ఆ పిల్లను అడిగిన ప్రశ్నలు, అది చెప్పిన జవాబులు వరసగా ఉత్తరంలో పెట్టాడు.

ఆయన చివరి రోజుల్లో వాండలులనే జర్మను తెగవాళ్ళు హిప్పోను ముట్టడించి ఉన్నారు. 430 ఆగస్టులో జ్వరంతో మంచమెక్కాడు. డెబ్బై అయిదేళ్ళు నిండాయి. తప్పు ఒప్పుకొనే కీర్తనలు రాయించి మంచానికెదురుగా గోడకు పెట్టించుకున్నాడు. వైద్యుడొచ్చినప్పుడు, భోజనం తెచ్చినప్పుడు తప్ప ఎవర్నీ లోపలికి రానివ్వొద్దన్నాడు. పది రోజులు ఆ గోడకేసి చూసి చదువుకుంటూ ఏడుస్తూ ఉన్నాడు.

ఇట్లు,
మీ అమ్మమ్మ