లిస్ప్ మాక్రోల్లో పేర్ల ఘర్షణ: జెన్‌సిమ్ నుంచి స్కోప్ సెట్ల దాకా

లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మాక్రోలు 1963 నాటివి. ఆ ఏడాది అక్టోబరులో ఎంఐటీ ఏఐ మెమో 57లో టిమోతీ హార్ట్ వాటిని ప్రతిపాదించాడు. మాక్రో అనేది కోడ్‌ను తీసుకుని కొత్త కోడ్ ఇస్తుంది. కానీ ఆ కోడ్ వట్టి లిస్టులు, సింబల్స్. ఏ పేరు మాక్రో రాసినవారిది, ఏది వాడినవారిది అనే గుర్తు అందులో ఎక్కడా ఉండదు. చిక్కంతా అక్కడే.

రెండు వేరియబుల్స్ విలువలను అటూ ఇటూ మార్చే మాక్రో ఉందనుకుందాం. (మార్చు క చ) అని రాస్తే ఇలా విస్తరిస్తుంది (లెట్ తన లోపలే చెల్లే వేరియబుల్‌ను పుట్టిస్తుంది, సెట్‌క్యూ వేరియబుల్‌కు కొత్త విలువ ఇస్తుంది):

(లెట్ ((టెంప్ క))
  (సెట్‌క్యూ క చ)
  (సెట్‌క్యూ చ టెంప్))

వాడేవారి వేరియబుల్ పేరే టెంప్ అయితే:

(లెట్ ((టెంప్ టెంప్))
  (సెట్‌క్యూ టెంప్ చ)
  (సెట్‌క్యూ చ టెంప్))

బయటి టెంప్ 1, చ 2 అయితే, చివరికీ 1, 2గానే మిగులుతాయి. మారింది లోపలి టెంప్ మాత్రమే, అది లెట్‌తోపాటే పోయింది. ఎర్రర్ రాదు, వేరే పేర్లతో రాసిన టెస్టులన్నీ పాసవుతాయి. ఇదే వేరియబుల్ క్యాప్చర్.

దీనికి పాత విరుగుడు జెన్‌సిమ్ అనే ఫంక్షన్. తొలినాటి లిస్ప్ 1.5లోనే ఉంది. ఎవరూ టైప్ చేసి అందుకోలేని కొత్త సింబల్‌ను పుట్టిస్తుంది. దాన్ని మాక్రో లోపల, ప్రతి విస్తరణలోనూ పిలవాలి. డెఫినిషన్ సమయంలో ఒక్కసారి పుట్టించి అదే సింబల్‌ను ప్రతిసారీ వాడితే, మాక్రో తనలో తానే ఇమిడినప్పుడు మళ్లీ అదే ఘర్షణ.

జెన్‌సిమ్ తెలిస్తే చాలనుకునేవారు చాలామంది. అది సగం రోగానికే మందు. మాక్రో విస్తరణలో నాట్ అనే ఫంక్షన్ ఉందనుకోండి. వాడిన చోట ఎవరైనా నాట్‌కు లోకల్‌గా వేరే అర్థం ఇస్తే, మాక్రో ఆ కొత్త నాట్‌నే పిలుస్తుంది. ఇక్కడ జెన్‌సిమ్ పనికిరాదు, ఎందుకంటే కావలసింది కొత్త పేరు కాదు, పాత పేరుకు పాత అర్థం. లిస్ప్ రూపాల్లో ఒకటైన కామన్ లిస్ప్ దీన్ని నియమాలతో నెట్టుకొస్తుంది: ఫంక్షన్ల పేర్లు, వేరియబుల్ పేర్లు వేరువేరు, ప్యాకేజీలు సింబల్స్‌ను విడదీస్తాయి, స్టాండర్డ్ ఫంక్షన్ల పేర్లను లోకల్‌గా కూడా మార్చకూడదని ప్రమాణమే చెబుతుంది. మరో రూపమైన స్కీమ్‌లో పేర్లన్నీ ఒకే గూటివి, షరతు పెట్టే ఇఫ్‌ను సైతం లోకల్ వేరియబుల్‌గా కట్టేయొచ్చు. అందుకే పరిష్కారం వెతకక తప్పని అవసరం స్కీమ్ వాళ్లకే ఎక్కువ.

1986లో కోల్‌బెకర్, ఫ్రీడ్‌మన్, ఫెలైసెన్, డూబా 'హైజీనిక్' విస్తరణను, అంటే పేర్లు ఢీకొనకుండా తనే చూసుకునే విస్తరణను, ప్రతిపాదించారు. ప్రతి విస్తరణలో కొత్తగా వచ్చిన పేర్లకు కాలముద్ర వేసి, చివర్లో తగినట్టు పేర్లు మార్చడం వారి పద్ధతి. 1988లో బాడెన్, రీస్ సింటాక్టిక్ క్లోజర్స్‌తో మాక్రో రాసిన చోటి పరిసరాన్నే వెంట తెచ్చారు. 1991లో క్లింగర్, రీస్ ఈ రెండు ఆలోచనలనూ కలిపారు. హైజీనిక్ మాక్రోలు రాసే సింటాక్స్-రూల్స్ అదే ఏడాది స్కీమ్ ప్రమాణం ఆర్4ఆర్ఎస్ అనుబంధంలో, 1998లో దాని తర్వాతి ప్రమాణం ఆర్5ఆర్ఎస్ అసలు పాఠంలో చేరింది.

క్లోజర్ (Clojure) అనే లిస్ప్ రూపానిది మధ్యేమార్గం. విస్తరణ నమూనా రాయడానికి వాడే దాని బ్యాక్‌కోట్ గుర్తు ప్రతి సింబల్‌కూ నేమ్‌స్పేస్ (అది ఏ కోడ్ విభాగానిదో చెప్పే పేరు) తగిలిస్తుంది, కాబట్టి గ్లోబల్ పేర్లు దారి తప్పవు. అదే బ్యాక్‌కోట్‌లో లెట్‌కు మామూలు పేరిస్తే కంపైలరే ఆపేస్తుంది. పేరు చివర హ్యాష్ గుర్తు పెడితే జెన్‌సిమ్ తనంతట తనే వస్తుంది. ఒక్క జాగ్రత్త: రెండు వేర్వేరు బ్యాక్‌కోట్లలో అదే పేరుకు హ్యాష్ పెడితే రెండు వేర్వేరు సింబల్స్ పుడతాయి. అప్పుడు జెన్‌సిమ్‌ను చేత్తో పిలిచి రెండు చోట్లా పంచాలి.

పేర్లు మార్చే లెక్కలు మాక్రోలు పెరిగేకొద్దీ జటిలమయ్యాయి. 2016లో మాథ్యూ ఫ్లాట్ స్కీమ్ నుంచి పుట్టిన రాకెట్ భాష కోసం రాసిన పద్ధతిలో పేరు మార్చడమే లేదు. ప్రతి బైండింగ్ రూపం, ప్రతి మాక్రో విస్తరణ ఆయా పేర్లకు ఒక స్కోప్ (పరిధి గుర్తు) జోడిస్తాయి. వాడిన పేరుకున్న స్కోప్ సెట్‌లో పూర్తిగా ఇమిడే బైండింగ్‌లలో పెద్ద సెట్ ఉన్నదే దాని అర్థం. మిగతావాటన్నిటినీ తనలో ఇముడ్చుకునే సెట్ ఏదీ లేకపోతే, అర్థం సందిగ్ధమని రాకెట్ ఎర్రర్ ఇస్తుంది.